పొద్దున వార్త, సాయంత్రానికి కార్టూన్: ఎడిటోరియల్ కార్టూన్ గీయడం ఎలా

బొమ్మలు బాగా వేయడం రాదు కాబట్టి కార్టూన్ మనవల్ల కాదు అనుకుని చాలామంది మొదలే పెట్టరు, కానీ పేపర్లో ఆ రోజు వార్త మీద అభిప్రాయం చెప్పే ఎడిటోరియల్ కార్టూన్‌కి బొమ్మ అనేది చివర్న చేసే పని, ఏ వార్త తీసుకోవాలి, అందులో ఎక్కడ పట్టుకోవాలి అన్నదానికే రోజులో ఎక్కువ టైం పోతుంది. కామిక్ స్ట్రిప్ వాళ్ల సంగతి వేరు, సిండికేట్ (ఒకే స్ట్రిప్‌ని చాలా పేపర్లకి అమ్మే సంస్థ) ద్వారా వచ్చే డైలీ స్ట్రిప్ అచ్చు కావడానికి కొన్ని వారాల ముందే గీసి ఇచ్చేస్తారు, అందుకే 1978లో మొదలైన గార్ఫీల్డ్‌లో పిల్లి బద్ధకం, తిండి, సోమవారం మీద చిరాకు లాంటి ఎప్పుడు చదివినా నడిచే విషయాలుంటాయి. మనది అలా కాదు, ఇవాళ సాయంత్రానికి రెడీ అవ్వాలి, ఎల్లుండికి ఎవరికీ గుర్తుండదు.

ముందు వార్త. రేపు పొద్దున పేపర్ తెరిచేవాడికి ఆ విషయం అప్పటికే చెవిన పడి ఉండాలి, ఇదే నేను చూసే మొదటి లెక్క. వార్త ఏంటో కూడా మీ కార్టూనే చెప్పాల్సి వస్తే వదిలేయండి, ఎంత గొప్ప వార్తయినా సరే. దొరికాక ఒక కాగితం మీద మీ అభిప్రాయం ఒక్క వాక్యంలో రాయండి, ఎవరు ఎవర్ని ఏం చేస్తున్నారు అని. ఆ వాక్యం రావట్లేదంటే మీకు ఇంకా అభిప్రాయం లేదన్నమాట, అప్పుడు గీసేది వార్తకి బొమ్మ అవుతుంది గానీ కార్టూన్ అవ్వదు.

ఉదాహరణకి కొత్తగా ఓపెనింగ్ చేసిన బ్రిడ్జి మొదటి వానకే కూలింది, కారణం తేల్చడానికి కమిటీ వేశారు అనుకుందాం. ఇందులో కనిపించే వస్తువులన్నీ వరసగా రాసుకోండి: రిబ్బన్, కత్తెర, శిలాఫలకం, నది, కాంట్రాక్టర్, ఫైలు, కమిటీ మెంబర్లు. అందరికీ ముందు తట్టేది నాయకుడు రిబ్బన్ కట్ చేస్తుంటే వెనక బ్రిడ్జి నీళ్లలో పడిపోవడం, అది పక్కన పెట్టేయండి ఎందుకంటే ఇంకో పదిమంది కూడా ఇదే గీస్తుంటారు. లిస్టు మళ్లీ చూస్తే శిలాఫలకం మీద కన్ను ఆగాలి, అంతా కూలినా పేర్లు చెక్కిన ఆ రాయి మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది కదా, అదీ పాయింటు. కమిటీ వాళ్లు దాని చుట్టూ నిలబడి ముక్కున వేలేసుకుని చూస్తుంటారు. క్యాప్షన్ మొదట్లో "బ్రిడ్జి మొత్తం పోయినా ఈ శిలాఫలకం ఒక్కటే ఇంత గట్టిగా ఎలా నిలబడిందో, దీన్ని కట్టిన కాంట్రాక్టర్ ఎవరో ముందు కనుక్కోండి" అని వస్తుంది. బ్రిడ్జి పోయిందని బొమ్మలో కనపడుతూనే ఉంది, ఆ ముక్క కొట్టేయండి, గట్టిగా ఉందనీ కనపడుతోంది, అదీ కొట్టేయండి, మిగిలేది "దీన్నెవరు కట్టారో కనుక్కోండి!" అంతే, చాలు. బొమ్మ చెప్పింది క్యాప్షన్ చెప్పకూడదు, క్యాప్షన్ చెప్పింది బొమ్మ చెప్పకూడదు, రెండూ కలిస్తేనే నవ్వు రావాలి.

మొదటి ఐడియా పారేయమన్నది ఊరికే కాదు. 2011లో స్టీవ్ జాబ్స్ పోయినప్పుడు స్వర్గం గేటు దగ్గర ఐప్యాడ్ పెట్టి ఎంతమంది కార్టూనిస్టులు గీశారో, ఎవరూ ఎవర్నీ కాపీ కొట్టలేదు, అందరికీ ముందు అదే తట్టింది. పెద్దవాళ్లు ఎవరైనా పోయినప్పుడు స్వర్గం గేటు, ఏడుస్తున్న బొమ్మ ఈ రెండూ ముట్టుకోకండి. మునిగిపోతున్న పడవ, కుర్చీలాట, తాడు లాగుడు పోటీ కూడా నా దృష్టిలో ఈ కోవలోవే.

బొమ్మకీ మాటకీ పొత్తు ఎలా ఉండాలో చూడాలంటే "డేవిడ్ లో" అనే కార్టూనిస్టు 1939 సెప్టెంబర్ 20న లండన్ ఈవినింగ్ స్టాండర్డ్ పేపర్లో వేసినది వెతికి చూడండి. హిట్లర్, స్టాలిన్ టోపీలు తీసి ఒకళ్లకొకళ్లు వంగి మర్యాదగా నమస్కారం పెట్టుకుంటున్నారు, నోటితో మాత్రం తిట్టుకుంటున్నారు, ఇద్దరి మధ్యా నేల మీద ఒక శవం, అది అప్పుడే ఇద్దరూ చెరోవైపు నుంచి ఆక్రమించిన పోలండ్ అన్నమాట. ఆ వంగడం తీసేసి ఇద్దరూ మామూలుగా నిలబడి తిట్టుకుంటున్నట్టు ఊహించుకోండి, కార్టూన్ చచ్చిపోతుంది. మాటల్లేకుండా కూడా నడపొచ్చనుకోండి, ఆర్.కె. లక్ష్మణ్ కామన్ మ్యాన్ ఎన్నేళ్లు చూసినా నోరు విప్పడు, పక్కనోళ్లు వాగుతుంటే కళ్లజోడు లోంచి చూస్తాడంతే.

లేబుల్స్ దగ్గర కొత్తవాళ్లు బాగా తప్పుతారు, కోటు మీద పేరు, పెట్టె మీద పేరు, ఆఖరికి మబ్బు మీద కూడా పేరు. ఒక్క లేబుల్ దాటితే ఐడియా బలంగా లేదని అర్థం. అమెరికా కార్టూనిస్టు హెర్బ్‌లాక్ 1950 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన తారు డబ్బాల మీదకి ఏనుగుని (రిపబ్లికన్ పార్టీ గుర్తు) ఎక్కమని నెడుతున్న కార్టూన్ వేశాడు, పైనున్న డబ్బా మీద మెకార్తీయిజం (సెనేటర్ మెకార్తీ పద్ధతి, ఆధారాల్లేకుండా జనాన్ని కమ్యూనిస్టులని నిందించడం) అని రాశాడు, ఆ ఒక్క మాట తర్వాత రాజకీయాల్లో అందరూ వాడే మాటైపోయింది.

క్యారికేచర్ అంటే, మనిషి పోలికల్ని పెంచి గీయడం అంటే, ముక్కు పెద్దది చేయడం ఒక్కటే కాదు. న్యూయార్క్‌లో అవినీతి నాయకుడు ట్వీడ్‌ని థామస్ నాస్ట్ 1871లో తలకాయ బదులు డబ్బు సంచీ పెట్టి గీశాడు, మూతీ ముక్కూ ఏమీ లేవు, అయినా ఆ పొట్టా ఆ నిలబడే తీరూ చూసి గుర్తుపట్టేశారు. కాబట్టి ముఖం కుదరకపోతే మనిషి నడక, భుజాలు, జుట్టు, కళ్లజోడు పట్టుకోండి. ఒంటి మీద వైకల్యం, రంగు, కులం, మతం జోలికి పోకండి, విసురు ఆ మనిషి చేసిన పని మీద ఉండాలి.

ఇక గీత. అచ్చయ్యే సైజుకి రెట్టింపు సైజులో గీయండి, చిన్నదైనప్పుడు వణుకులు కనపడవు, కానీ అదే కారణంగా సన్నగీతలు మాయమైపోతాయి, దగ్గర దగ్గరగా కొట్టిన అడ్డగీతలు న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పాకి నల్లటి ముద్దైపోతాయి. నీడ కావాలంటే నిండు నలుపు పూసేయడమే మేలు. మాటలు ముందు రాసి తర్వాత వాటి చుట్టూ బెలూన్ గీయండి, బెలూన్ ముందు గీస్తే అక్షరాలు ఇరుక్కుంటాయి, పైగా తెలుగులో కింద ఒత్తులు పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి, లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగిలి చదవడానికి రాదు. నలుపు తెలుపు లైన్ బొమ్మైతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. అయ్యాక ఫోన్లో బొటనవేలంత చేసి చూడండి, ఆ సైజులో కూడా ఎవరు ఏం చేస్తున్నారో తెలియాలి.

ఎడిటర్‌కి మాత్రం ఫైనల్ బొమ్మ కాదు, పెన్సిల్ రఫ్‌లు పంపండి, రెండో మూడో, కాస్త పొద్దున్నే. రఫ్ చూసి అర్థం కాకపోతే ఇంకింగ్ చేసినా, అంటే పెన్సిల్ గీతల మీద ఇంకుతో దిద్దినా, అర్థం కాదు. కార్టూనిస్టు ఆన్ టెల్నేస్ సంగతే చూడండి, టెక్ కంపెనీల, మీడియా సంస్థల ఓనర్లు ట్రంప్ విగ్రహం ముందు డబ్బు సంచులు పట్టుకుని మోకరిల్లుతున్న కార్టూన్ వాషింగ్టన్ పోస్ట్‌లో వేయలేదని 2025 జనవరిలో రాజీనామా చేసి, దాని రఫ్‌నే ఇంటర్నెట్‌లో పెట్టింది, మోకాళ్ల మీదున్న వాళ్లలో ఆ పేపర్ ఓనర్ బెజోస్ కూడా ఉన్నాడు మరి. ప్రపంచమంతా చూసింది ఆ రఫ్‌నే, ఆ ఏడాదే ఆవిడకి పులిట్జర్ (అమెరికాలో జర్నలిజానికిచ్చే పెద్ద అవార్డు) కూడా వచ్చింది.

రిజెక్ట్ అయితే ఎందుకో అడగండి, నిజం తప్పా, అర్థం కాలేదా, భయమా అని. పేరు, పదవి, తేదీ లాంటివి తప్పైతే దిద్ది మళ్లీ ఇవ్వండి, అర్థం కాలేదంటే క్యాప్షన్ మార్చండి, మూడోదైతే మీ దగ్గర చేయడానికేం లేదు, రెండో రఫ్ ఇంకింగ్ మొదలుపెట్టి మొదటిదాని వెనక తేదీ రాసి ఫైల్లో పెట్టేయండి.