లివర్ లింఫ్ నాళాలకి ఎంఆర్ఐ రాశారా? వెళ్లేముందు ఇవి చూసుకోండి

బెజవాడ సూర్యారావుపేటలో అడుగుకో స్కానింగ్ సెంటర్ ఉంటుంది గానీ, బోర్డు మీద ఎంఆర్ఐ అని ఉంది కదా అని లోపలికెళ్లిపోకండి. లింఫ్ అంటే ఒంట్లో కణాల మధ్య నుంచి చేరే నీళ్లలాంటి ద్రవం, దాన్ని మోసే నాళాలు చాలా సన్నగా ఉంటాయి, మామూలు పొట్ట స్కానింగ్‌లో దాదాపు కనపడవు. ముందే ఫోన్ చేసి ఎంఆర్ లింఫాంజియోగ్రామ్ (లింఫ్ నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐ) చేస్తారా, సూది వేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ ఆ రోజు ఉంటారా అని కనుక్కోండి, రిసెప్షన్‌లో తెలీదంటే టెక్నీషియన్‌కి ఫోన్ ఇవ్వమనండి.

పొట్టలో నీళ్లు తీయించుకునుంటే ఆ రిపోర్టు పట్టుకెళ్లండి. ట్రైగ్లిజరైడ్స్ (ఒక రకం కొవ్వు) 200 దాటి, నీళ్లు పాలలా ఉంటే పేగుల వైపు లింఫ్ కారుతోందని అనుమానిస్తారు. లివర్ లింఫ్‌లో మాత్రం ప్రోటీన్ ఎక్కువ, కొవ్వు తక్కువ, అందుకే కారినా తేటగానే ఉండొచ్చు, "తెల్లగా లేవుగా, లింఫ్ కాదులే" అని ఎవరైనా అంటే ఒప్పేసుకోకండి.

అసలు అడగాల్సింది, స్కాన్‌లో నాళాలు కనపడేలా చేసే మందు ఎక్కడ ఎక్కిస్తారు అని. ఎక్కువగా గజ్జల్లో బిళ్లల్లోకి (లింఫ్ గ్రంథుల్లోకి) ఎక్కిస్తారు, అది వెన్ను పక్కనుంచి ఛాతీలోకి పైకి పోతుంది, లివర్ నాళాలు మాత్రం చాలామందిలో నిండవు, ఎందుకంటే అక్కడి లింఫ్ లివర్ నుంచి బయటికి వస్తుంది, మందు ఎదురెక్కదు. ఛాతీలోని పెద్ద లింఫ్ నాళంలో పారే లింఫ్‌లో పావు వంతు నుంచి సగం దాకా లివర్‌దే మరి! అందుకని లివర్ మీదే అనుమానముంటే, మత్తు ఇచ్చి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి సూదిని పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర) కొమ్మ పక్కకి, సిరలోకి కాదు పక్కకి, దించి మందు కొంచెం కొంచెంగా వదులుతారు. సిరలో పడితే క్షణంలో కొట్టుకుపోతుంది, నాళం దొరికితే పూసలు గుచ్చినట్టు సన్నటి గీత నెమ్మదిగా సాగుతుంది.

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), ప్లేట్‌లెట్స్, ఐఎన్ఆర్ (ఈ రెండూ రక్తం గడ్డకట్టే తీరుకి) రిపోర్టులు ముందే తీయించుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, డాక్టర్ చెప్తేనే. గుండెలో రంధ్రం ఉంటే తప్పకుండా చెప్పండి, ఇదే పరీక్ష ఎక్స్‌రే కింద చేసేటప్పుడు వాడే లిపియోడాల్ (గసగసాల నూనెలో అయోడిన్ కలిపిందే) మెదడుకి పోయే ప్రమాదముంది. పేస్‌మేకర్ సంగతి కూడా అంతే, ఎంఆర్ఐకి ముందే చెప్పాలి. ఆడవాళ్లయితే పుస్తెలతాడుకి పెట్టుకున్న పిన్నీసులు ఇంట్లోనే తీసేసి రండి, వాటి కోసం గుమ్మం దగ్గర ఆపేస్తారు.

లివర్‌లో సూది పడ్డాక కొన్ని గంటలు పడుకోబెట్టి బీపీ చూస్తారు, కడుపునొప్పి పెరిగినా కళ్లు తిరిగినా నర్సుని పిలవండి. వచ్చేటప్పుడు ఫిల్ములతో సరిపెట్టుకోకుండా మొత్తం స్కాన్ సీడీ అడిగి తీసుకోండి, తర్వాత గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఇంకో డాక్టర్ చూడాలంటే అదే కావాలి.