ఆయాసం తగ్గాలంటే వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి?

రెండు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వస్తే "ఊపిరితిత్తులు వీక్ అయిపోయాయి" అనుకుంటాం. ఏ జబ్బూ లేని మనిషిలో లోటు సాధారణంగా అక్కడ ఉండదు. ఊపిరితిత్తుల శక్తి మన రోజువారీ అవసరానికి మించే ఉంటుంది. వెనకబడేవి రెండు: రక్తాన్ని తోసే గుండె, ఆ రక్తంలోని ఆక్సిజన్‌ని వాడుకోవాల్సిన కండరాలు. ఈ రెండూ సాధనతో మారతాయి, కాకపోతే నెమ్మదిగా. కాబట్టి ముందు పెంచాల్సింది సమయం, వేగం తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి, మొదటి రోజే పరుగు లంకించుకుని, ఒళ్లు నొప్పులతో మానేస్తారు.

1. ముందు నాడి చూసుకోండి

పొద్దున మెలకువ వచ్చాక, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టండి. వచ్చిన సంఖ్యను రెట్టింపు చేసి రాసిపెట్టుకోండి. పెద్దవాళ్లకి విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 దాకా ఉండటం మామూలే. రోజూ బరువు చూసుకుని దిగులుపడేకన్నా ఈ అంకెను గమనించడం మేలని నా ఉద్దేశం.

ఎందుకంటే, విశ్రాంతిలో గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని, నిమిషానికి దాదాపు 5 లీటర్లను తోస్తుంది. కొన్ని వారాలు, నెలలు వ్యాయామం చేశాక ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని తోసే గుండె గది) మరింత రక్తంతో నిండి, ప్రతిసారీ ఎక్కువ తోయగలుగుతుంది. అప్పుడు అదే 5 లీటర్లకి తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. లాంగ్ డిస్టెన్స్ రన్నర్లలో విశ్రాంతి నాడి 50 కన్నా తక్కువ ఉండటం వింతేమీ కాదు.

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. బీపీకి, గుండెజబ్బులకి ఇచ్చే బీటా బ్లాకర్ మందులు నాడిని నెమ్మదింపజేస్తాయి. అవి వాడేవాళ్లు నాడి అంకెను బట్టి నిర్ణయాలు తీసుకోకూడదు.

2. మాట్లాడుతూ నడవండి

స్మార్ట్ వాచీ అక్కర్లేదు. నడుస్తున్నప్పుడు పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. పాట కూడా వస్తోందంటే కాస్త పెంచండి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించండి.

మొదటి వారం రోజుకి 10 నిమిషాలు చాలు. తర్వాత వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. అదే కష్టమైన వ్యాయామమైతే 75 నుంచి 150 నిమిషాలు సరిపోతుంది. ఒకేసారి చేయాలనేం లేదు, ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. "టైమ్ లేదు" అనేవాళ్లకి పనికొచ్చే మాట ఇది.

3. ఆగేటప్పుడు తొందరపడకండి

మొదలుపెట్టేటప్పుడు 5 నిమిషాలు నిదానంగా నడవడం చాలామంది చేస్తారు. ఆపేటప్పుడే మర్చిపోతారు. గట్టిగా నడిచో పరిగెత్తో ఠక్కున నిలబడిపోతే రక్తం కాళ్లలో నిలిచి, కళ్లు తిరగొచ్చు. చివరి 5 నిమిషాలు వేగం తగ్గిస్తూ ఆపండి.

4. వారానికి రెండు రోజులు కండరాలకి పని

కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి పుషప్స్, తేలికపాటి బరువులు, ఏదైనా సరే. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. పని చేసే కండరం రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటుంది, ఇన్సులిన్‌కి కూడా బాగా స్పందిస్తుంది. ఈ మేలు ఒకటి రెండు రోజులే ఉంటుంది కాబట్టి వారమంతా ఊరుకుని ఆదివారం ఒక్కరోజే చెమటోడిస్తే షుగర్ విషయంలో పెద్దగా కలిసిరాదు.

5. వేగం ఇప్పుడు పెంచండి

అరగంట నడక సులువనిపించాక మధ్యమధ్యలో ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా నడవండి. విశ్రాంతిలో నిమిషానికి 6, 7 లీటర్ల గాలి పీలుస్తాం. బాగా కష్టపడితే అది 100 లీటర్లు కూడా దాటొచ్చు. సాధనతో ఊపిరితిత్తులు పెద్దవి కావు. కండరాల్లో సన్నని రక్తనాళాలు, మైటోకాండ్రియా (కణాల్లో ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే భాగాలు) పెరిగి, అదే పనికి అంతగా రొప్పాల్సిన అవసరం తగ్గుతుంది.

ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, స్పృహ తప్పేలా అనిపించడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే వెంటనే ఆపి వైద్యసాయం తీసుకోండి.

6. గ్యాప్ వస్తే

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్లని మూడు వారాలు మంచానికే పరిమితం చేసి పరిశీలించారు. వాళ్ల శరీరం ఆక్సిజన్‌ని వాడుకునే సామర్థ్యం బాగా పడిపోయింది. తర్వాత వ్యాయామం చేయిస్తే తిరిగి వచ్చింది. కాబట్టి జ్వరమొచ్చినా, ప్రయాణాలతో ఆగిపోయినా, పూర్తిగా కోలుకున్నాక ఇదివరకు చేసినదాంట్లో సగంతో మొదలుపెట్టి మళ్లీ వారం వారం పెంచుకోండి.