రాత్రి ఆగిపోయిన డేటాబేస్‌ని పొద్దున్న పట్టుకోవడం: నా అనుభవం

భీమవరంలో మా రొయ్యల ప్లాంట్ బిల్లింగ్ ఒరాకిల్ డేటాబేస్ మీద నడుస్తుంది. రాత్రి లోడింగ్ టైంలో స్క్రీన్ బిగుసుకుపోయేది, లారీలు గేటు దగ్గరే, పొద్దున్న చూస్తే అంతా మామూలే. రీస్టార్ట్, కేబుల్ మార్పు, ర్యామ్ పెంచడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. రోజంతటి ఏడబ్ల్యూఆర్ రిపోర్ట్ (డేటాబేస్ ఎలా నడిచిందో ఒరాకిల్ దాచుకునే లెక్కల నివేదిక) వదిలేసి, ఆగిన గంటకి అటూ ఇటూ ఉన్న స్నాప్‌షాట్ల (ఎప్పటికప్పుడు దాచిన ఆ లెక్కల) మధ్యే రిపోర్ట్ తీశాను. తర్వాత యాక్టివ్ సెషన్ హిస్టరీలో (ఏ క్షణంలో ఏ సెషన్ ఏం చేస్తోందో ఉండే రికార్డు) ఆగిన ఆ పావుగంటని ఎస్‌క్యూఎల్ ఐడీ (ఒక్కో క్వెరీకి, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నకి, ఉండే గుర్తు), వెయిట్ ఈవెంట్ (దేనికోసం ఆగిందో) వారీగా లెక్కపెడితే దాదాపు అన్ని వరసలూ ఒకే స్టాక్ క్వెరీవి! దాని పాత ప్లాన్లు (ఆ క్వెరీని ఒరాకిల్ నడిపిన దారులు) తీస్తే, ఆ రాత్రి ఇండెక్స్ వదిలేసి టేబుల్ మొత్తం చదివింది. మంచి ప్లాన్‌ని బేస్‌లైన్‌గా (ఒరాకిల్ దాన్నే వాడేలా) పెట్టాక మళ్ళీ ఆగలేదు.

మీది లాక్ సమస్య (ఒక సెషన్ పట్టుకున్నదాని కోసం ఇంకోటి ఆగిపోవడం) అయితే బేస్‌లైన్ పనికిరాదు, వెతికే దారి మాత్రం ఇదే అనుకుంటున్నా. హిస్టరీ డిఫాల్ట్‌గా 8 రోజులే ఉంటుంది, వెంటనే తీసి దాచుకోండి. ఈ రిపోర్ట్, హిస్టరీ వాడడానికి కావాల్సిన డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్స్ ఉందో లేదో ముందే చూసుకోండి.