లంకమల అడవికి బయలుదేరే ముందు

కడప జిల్లాలోని లంకమల అభయారణ్యానికి వెళ్లాలంటే ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి. నీళ్లు, టోపీ, గట్టి బూట్లు తప్పనిసరి. అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంచండి.

బూట్ల అడుగున అంటిన మట్టిని ఇంటి దగ్గరే కడిగేయండి. అందులో వయ్యారిభామ అనే కలుపుమొక్క విత్తనం ఒక్కటి ఉన్నా చాలు, అడవిలో మొలకెత్తవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం కలివికోడి. అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో ఈ ప్రాంతంలోనే మళ్లీ కనిపించింది. రాత్రివేళ పొదల మధ్య నేలమీద తిరుగుతుంది. దాన్ని చూడాలన్న ఆశ నాకూ ఉంది, అయినా సరే బాట వదిలి పొదల్లోకి దూరవద్దు, కొమ్మలు విరవవద్దు, ఫోనులో దాని కూత వినిపించి పిలవవద్దు. చీకటి పడకముందే బయటికి వచ్చేయండి.

ఎర్రచందనం పుల్ల నేలమీద పడి ఉన్నా జేబులో వేసుకోకండి.