సూపర్‌హీరో బలాబలాల గురించి వాదించే పద్ధతి

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామికి దగ్గరగా ఉన్న గట్టు మీద ఆదివారం సాయంత్రాలు కూర్చుని, అమెరికన్ కామిక్స్ సంస్థ డీసీ ప్రచురించే సూపర్‌మ్యాన్ గొప్పా, దాని పోటీ సంస్థ మార్వెల్ ప్రచురించే హల్క్ గొప్పా అని మా మిత్రబృందం ఏళ్ల తరబడి వాదించుకుంది. ఒక్క సాయంత్రమూ ఆ వాదన తేలలేదు. ఒకే పేరు పలుకుతూ ఒక్కొక్కరం ఒక్కొక్క కాలపు వీరుణ్ణి మనసులో పెట్టుకున్నామని చాలా ఆలస్యంగా గ్రహించాం. కల్పిత విశ్వంలో ఒక వీరుడి శక్తిని అంచనా వేయాలనుకునేవారికి పనికివస్తుందన్న నమ్మకంతో, అప్పటి నుంచి మేము పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొట్టమొదట ఏ సంవత్సరపు వీరుడో నిర్ణయించుకోవాలి. 1938లో యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో కనిపించిన సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు. అతను మైలులో ఎనిమిదో వంతు దూరం దూకగలడు, పేలే ఫిరంగి గుండుకు తక్కువైనదేదీ అతని చర్మాన్ని చీల్చలేదు. తరువాతి దశాబ్దాలలో అతను గ్రహాలను కదిలించేంతవాడయ్యాడు. 1985-86లో పన్నెండు సంచికలుగా వచ్చిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ డీసీ కథలలోని అనేక సమాంతర భూములను ఒక్కటిగా కలిపివేసిన తరువాత, 1986లో రచయిత, చిత్రకారుడు జాన్ బర్న్ సూపర్‌మ్యాన్ శక్తులను బాగా తగ్గించి కథను మళ్లీ మొదలుపెట్టారు. కాబట్టి సంవత్సరం చెప్పకుండా ‘సూపర్‌మ్యాన్ గ్రహాన్ని తోశాడు’ అనే మాటను సాక్ష్యంగా స్వీకరించకూడదు.

తరువాత ఆ కథాలోకపు విశ్వపటాన్ని ముందు పరచుకోవాలి. మార్వెల్ ప్రధాన కథాలోకానికి 616 అనే సంఖ్య ఉంది. ఆ విశ్వమే రూపు దాల్చినట్టుండే ఎటర్నిటీ 1965లోనూ, అనేక విశ్వాలకు న్యాయనిర్ణేత అయిన లివింగ్ ట్రిబ్యునల్ 1967లోనూ ప్రవేశించారు. వీరందరికీ పైన ‘ద వన్ ఎబవ్ ఆల్’ ఉన్నాడు. డీసీలో 2007 నాటికి 52 లోకాల ఏర్పాటు వచ్చింది. ఈ పటం లేకుండా ‘విశ్వాన్ని నాశనం చేయగలడు’ అంటే ఎన్నింటిలో ఒక విశ్వాన్నో తెలియదు.

అయితే పటంలో ఉన్న చోటును బలంగా పొరబడడమే ఈ వాదనలన్నిటిలోకీ పెద్ద తప్పు అని నా అభిప్రాయం. ఈ తేడా మనకు పురాణాల నుంచే తెలుసు: ఇంద్రుడు స్వర్గాధిపతి, అయినా రాక్షసుల చేతిలో ఎన్నోసార్లు ఓడి పదవి పోగొట్టుకున్నాడు. పదవి వేరు, బలం వేరు. మార్వెల్ కథలలో గ్రహాలను మింగే గెలాక్టస్ విశ్వశక్తుల వరుసలోనివాడే, కానీ అతని శక్తి ఆకలిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. 1966లో ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురు వీరుల బృందం అతన్ని వెనక్కి పంపింది నిజమే. అది అతని నౌక నుంచే తెచ్చిన అల్టిమేట్ నలిఫయర్ అనే ఆయుధాన్ని చూపి చేసిన పని కనుక, ఆ నలుగురి భుజబలానికి కొలత కాదు. అరువు తెచ్చుకున్న శక్తిని కూడా ఇలాగే విడిగా లెక్కించాలి. 1991 నాటి ‘ఇన్ఫినిటీ గాంట్‌లెట్’లో థానోస్ అనే ప్రతినాయకుడు విశ్వశక్తులను లొంగదీసుకున్నది తన చేతి తొడుగులో పొదిగిన ఇన్ఫినిటీ మణుల బలంతోనే, ఆ మణులు తమ విశ్వం దాటితే పనిచేయవని డీసీ, మార్వెల్ వీరులు కలిసిన 2003-04 నాటి ‘జేఎల్ఏ/అవెంజర్స్’ చూపించింది. హిరణ్యకశిపుడి వరంలో ఏయే షరతులున్నాయో చదివినంత శ్రద్ధగా ఈ షరతులను కూడా చదవాలి.

సాక్ష్యాలలో కథలో జరిగిన సంఘటనకు మొదటి స్థానం, కథకుడి మాటకు రెండో స్థానం, పాత్ర చెప్పుకునే గొప్పలకు చివరి స్థానం ఇవ్వాలి. 1984 ‘సీక్రెట్ వార్స్’ నాలుగో సంచికలో హల్క్ తన మీద కూలిన పర్వతాన్ని ఆపి నిలబడతాడు. ముఖచిత్రం దాని బరువు 15,000 కోట్ల టన్నులని చెబుతుంది. నీటి మీద తేలుతున్నప్పటి కురుసుర బరువు దాదాపు 1,950 టన్నులు కనుక, అది ఏడున్నర కోట్లకు పైగా కురుసురల బరువు. అంకె గొప్పదే, కానీ ముఖచిత్రం పుస్తకాన్ని అమ్మడానికి కూడా ఉద్దేశించినదని మరవకూడదు. పైగా కోపంతో పెరిగే బలం అతనిది కనుక, ఆ క్షణపు కొలత అన్ని వేళలకూ వర్తించదు.

ఒకరిని ఓడించినవాడు, అతను ఓడించినవాళ్లందరికన్నా బలవంతుడన్న గొలుసు లెక్కను నేను అంగీకరించను. 1985లో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 269, 270 సంచికలలో స్పైడర్‌మ్యాన్, గెలాక్టస్‌కు ఒకప్పటి దూత అయిన ఫైర్‌లార్డ్‌ను పడగొట్టాడు. ఆ ఒక్క గెలుపుతో అతన్ని విశ్వశక్తుల సరసన కూర్చోబెడితే, మామూలు నేరస్థులతో అతను పడే ప్రయాసకు అర్థం ఉండదు. ఇలా మామూలు తీరుకు పొసగని సంఘటనను అభిమానులు ఔట్‌లయర్ అంటారు. దీన్ని పక్కన పెట్టే ముందు కథ ఏదైనా కారణం చెప్పిందేమో చూడాలి. కృష్ణుడు వెళ్లిపోయాక దొంగల చేతిలో ఓడిన అర్జునుడికి భారతం కారణం చెబుతుంది. ఆ ఓటమితో గోగ్రహణం నాటి అర్జునుణ్ణి ఎవరూ కొలవరు. 1996లో డీసీ, మార్వెల్ కలిసి తెచ్చిన పోరాటాలలో ఐదింటి ఫలితాలను పాఠకుల ఓట్లే నిర్ణయించాయి కాబట్టి, డీసీ వారి లోబోపై మార్వెల్ వారి వుల్వరిన్ గెలుపును సాక్ష్యంగా తీసుకోనవసరం లేదు.

వాదించే తీరు విషయంలో మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చేసిన విభజన ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది: నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. మా గట్టు మీద మాత్రం, ఎదుటివారి పూర్వపక్షాన్ని వారు ‘అవును, నేనన్నది అదే’ అనేదాకా చెప్పగలిగినవారికే ఖండించే హక్కు ఉంటుంది.

నిర్ణయాన్ని ఒక్క అంకెగా కాక, సంవత్సరంతో, షరతులతో కలిపి ఒక పూర్తి వాక్యంగా రాసుకోవాలి: ‘1984 నాటి హల్క్, కోపం తారస్థాయిలో ఉన్నప్పుడు పర్వతాన్ని ఆపగలడు, గ్రహాన్ని కదిలించగలడని మేము చదివిన సంచికలలో సాక్ష్యం దొరకలేదు.’ ఎవరైనా మరో సంచిక తెచ్చిన రోజున ఆ వాక్యాన్నే ముందు పెట్టుకుని చర్చను మళ్లీ మొదలుపెట్టాలి.