నాకౌట్ టోర్నమెంట్‌లో బై ఎన్ని ఇవ్వాలి, ఎవరికివ్వాలి

సంక్రాంతి కబడ్డీ టోర్నమెంట్లలో సగం గొడవలు విజిల్ ఊదకముందే, డ్రా తీసే దగ్గరే మొదలవుతాయి. "ఏంనా, వాళ్లకెట్లా ఇస్తారు బై?" అని ఒక కెప్టెన్ లేస్తాడు. కమిటీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఎందుకంటే బైలు ఎన్నో, ఏ రౌండులో ఇవ్వాలో ముందు ఎవరూ లెక్క వేసుకోలేదు.

ఆ రౌండులో ఒక జట్టుకు ప్రత్యర్థి లేక, ఆడకుండానే పై రౌండుకు పోతే అది బై. క్రికెట్‌లో బ్యాటుకు తగలకుండా పోయిన బంతికి తీసే బై పరుగులు వేరే సంగతి, ఇక్కడ వాటితో పని లేదు.

లెక్క తేలికే. నాకౌట్ సాఫీగా సాగాలంటే జట్లు 4, 8, 16, 32 ఇలా రెట్టింపవుతూ పోయే సంఖ్యలో ఉండాలి, కానీ ఎంట్రీలు అలా లెక్కగా రావు కదా. మీకు వచ్చిన ఎంట్రీలకు వెంటనే పైన ఉన్న అలాంటి సంఖ్య చూసి, అందులోంచి మీ జట్లను తీసేస్తే మిగిలేవే బైలు. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, రేణిగుంట, నగరి, పీలేరు, పలమనేరు... ఇలా 11 జట్లు వచ్చాయనుకోండి, 16లోంచి 11 పోతే 5 బైలు. 2025లో గోవాలో జరిగిన చెస్ వరల్డ్ కప్‌లోనూ ఇదే లెక్క: 206 మంది ఆడితే, 256కు తక్కువైన 50 చోట్లు బైలయ్యాయి, ర్యాంకింగ్‌లో ముందున్న 50 మంది నేరుగా రెండో రౌండు నుంచి మొదలుపెట్టారు.

ఇప్పుడు కాగితం మీద 1 నుంచి 11 దాకా నిలువుగా వేయండి. పై సగంలో 6, కింది సగంలో 5. మొదటి బై అట్టడుగున ఉన్న 11కి, రెండోది పైనున్న 1కి, మూడోది కింది సగం మొదట్లో ఉన్న 7కి, నాలుగోది పై సగం చివరున్న 6కి, ఐదోది మళ్లీ కిందకొచ్చి 10కి. ఇక ఫస్ట్ రౌండులో మిగిలినవి మూడే మ్యాచ్‌లు: 2-3, 4-5, 8-9. ముగ్గురు విజేతలు, బై వచ్చిన ఐదుగురు కలిస్తే ఎనిమిది, అక్కణ్నుంచి క్వార్టర్స్. పోయినేడాది విన్నర్‌ను 1లో, రన్నర్‌ను 11లో పెట్టి, మిగతా చోట్లకు అందరి ముందూ స్టీలు డబ్బాలో చీటీలు వేసి, వీలైతే ఒక చిన్న పిల్లాడితో తీయించండి. అప్పుడు ఎవరూ నోరెత్తరు, ఎత్తినా నిలబడదు.

బైలన్నీ ఫస్ట్ రౌండులోనే అయిపోవాలి, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. చాలాచోట్ల 11 జట్లలో పదింటిని ఆడించి ఒకదానికి బై ఇస్తారు, ఆరు మిగులుతాయి, తర్వాత మూడు, అప్పుడు మళ్లీ ఎవరో ఒకరికి బై, అదీ సెమీస్‌లో! ఆ రెండు బైలూ ఒకే జట్టుకు తగిలితే ఒక్క మ్యాచ్ గెలిచి ఫైనల్లో కూర్చుంటుంది, అవతలి వాళ్లు అప్పటికే మూడు ఆడి మోకాళ్లకు స్ప్రే కొట్టుకుంటూ ఉంటారు. పైగా దీనివల్ల కలిసొచ్చేదీ లేదు, ఎట్లా ఆడించినా మొత్తం మ్యాచ్‌లు పదే, జట్ల సంఖ్యకు ఒకటి తక్కువ.

వాకోవర్‌ను కూడా బై అనేస్తుంటారు, అది తప్పు. కుప్పం జట్టు దారిలో వ్యాన్ చెడి రాలేకపోతే అవతలి జట్టుకు వచ్చేది వాకోవర్, అది గెలుపు కిందే రాసుకోవాలి. బై వస్తే మాత్రం "ఫస్ట్ రౌండ్ బై వచ్చింది" అనాలి గానీ "గెలిచాం" అనకూడదు. ఎంతసేపు చూసి వాకోవర్ ఇస్తారో ముందే మైకులో చెప్పేయండి, నన్నడిగితే పదిహేను నిమిషాలు చాలు.

లీగ్ అయితే ఇంత తలనొప్పి లేదు, ఏడు జట్లుంటే ఒక్కో రౌండులో ఒకరు కూర్చుంటారు, చివరికి అందరికీ ఒక్కో బై వస్తుంది. చెస్‌లో స్విస్ పద్ధతిలో (ఓడినా ఎవరూ బయటికి పోరు, దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లను రౌండు రౌండుకూ జత కలుపుతారు) ఆడేటప్పుడు బేసి సంఖ్య వస్తే ఆడకుండా మిగిలిపోయిన ఒక్కరికి బై, మామూలుగా దానికి పూర్తి పాయింటు కూడా, కానీ ఒకరికే రెండోసారి ఇవ్వరు.

బెస్ట్ రైడర్ బహుమతి పెట్టారా? మొత్తం పాయింట్లు చూస్తే బై వచ్చిన జట్టు కుర్రాడికి ఒక మ్యాచ్ తక్కువ పడుతుంది. మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లో చూసి ఇవ్వండి.