నల్లగొండలో సముద్రపు తొట్టికి నీళ్లు, ఉప్పు సమకూర్చుకోవడం

సముద్రపు చేపల కోసం అమ్మే ఉప్పు డబ్బా మీద లీటరుకు ఎన్ని గ్రాములు కలపాలో రాసి ఉంటుంది. ఆ లెక్క వేసినవారు మనం వాడే నీటిలో అసలేమీ కరిగి లేదని ముందే అనుకొని వేశారు. నల్లగొండలో ఆ అంచనా మొదటి బిందె దగ్గరే తప్పుతుంది. మా ఇంటి బోరునీటిలో టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే పరికరం) ముంచితే 1,100 దాటి చూపుతుంది, మిషన్ భగీరథ నల్లానీటిలో 300 దగ్గర ఆగుతుంది. అంటే ఉప్పు వేయకముందే ఆ నీటిలో సున్నం, మెగ్నీషియం, నైట్రేటు, ఫ్లోరైడు వంటివి మనం కోరని పాళ్లలో కరిగి ఉన్నాయన్నమాట. అందుచేత ఇక్కడ సముద్రపు తొట్టి, అంటే సముద్రపు చేపలను, పగడాలను ఇంట్లో పెంచే అద్దాల తొట్టి, పెట్టదలచినవారు ఉప్పు కొనడానికి ముందే నీళ్ల సంగతి తేల్చుకోవాలి, డబ్బు కూడా మొదట దానికే ఖర్చు చేయాలి.

బోరునీటిని నేరుగా వాడే ఆలోచనను మొదటే పక్కన పెట్టడం మంచిది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల భూగర్భజలంలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడు గురించి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదన్నది ప్రమాణం. సముద్రపు నీటిలో సహజంగానే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది కనుక, చేపలకు అది అలవాటే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. ఆ వాదన వినడానికి బాగానే ఉంటుంది గాని, తొట్టిలో నీరు రోజూ ఆవిరవుతుందనీ, ఆవిరయ్యేది వట్టి నీరేననీ, అందులో కరిగినవన్నీ తొట్టిలోనే మిగిలిపోతాయనీ అది మరిచిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న బోరునీటిని మే నెలలో రోజుకు 2 లీటర్ల చొప్పున 100 లీటర్ల తొట్టిలో పోస్తూ వెళ్తే, నెల తిరిగేసరికి 240 మిల్లీగ్రాములు చేరతాయి. నీళ్లు మార్చకపోతే లీటరుకు మరో 2.4 మిల్లీగ్రాములు పెరిగినట్టు లెక్క. సున్నం, నైట్రేటు కూడా ఇదే దారిలో పేరుకుంటాయి.

మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అని ఒకటి ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఈ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా కలియబెట్టి, అడుగుకు దిగిన మడ్డితోపాటు ఫ్లోరైడును తొలగిస్తారు. తాగునీటి కోసం పుట్టిన ఈ పద్ధతి వల్ల నీటిలో కొంత అల్యూమినియం, సల్ఫేటు మిగిలే అవకాశం ఉంది కాబట్టి, పగడాలు ఉండే తొట్టికి దీన్ని వాడడం నాకు సమ్మతం కాదు.

నల్లానీరు ఇంతకంటే ఎంతో నయం. కృష్ణానది నుంచి ఎత్తిపోసి, శుద్ధి చేసి పంపే ఈ నీటిలో కరిగిన లవణాలు తక్కువగా ఉండడం వల్ల, వాటిని వడకట్టే ఆర్‌ఓ యంత్రంలోని సన్నని పొర మీద భారం తగ్గుతుంది. అయితే ఇందులో క్లోరిన్ ఉంటుంది, అదీగాక చాలామంది ఇళ్లలో సంపులో విడిగా బ్లీచింగ్ పౌడరు వేస్తుంటారు. క్లోరిన్ చేపల మొప్పలను కాల్చడమే గాక ఆర్‌ఓ పొరను కూడా పాడు చేస్తుంది కాబట్టి, నీరు ఆ పొరను చేరేలోపే బొగ్గు ఫిల్టరు గుండా సాగాలి.

ఇంట్లో తాగునీటి ఆర్‌ఓ ఉంది కదా, అదే సరిపోదా అన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. మనుషుల కోసం చేసిన యంత్రంలో మూడు చిక్కులుంటాయి. మొదటిది టీడీఎస్ కంట్రోలరు అనే చిన్న మర. రుచి కోసం ఇది కొంత పచ్చి నీటిని శుద్ధి చేసిన నీటిలో కలుపుతుంది. రెండోది మినరల్ కార్ట్రిడ్జ్, వడకట్టి తీసేసిన కాల్షియం, మెగ్నీషియంలను ఇది తిరిగి చేరుస్తుంది. మూడోది అన్నింటికంటే ప్రమాదకరం: ఆరోగ్యం పేరిట ఇటీవలి యంత్రాల్లో పెడుతున్న రాగి కార్ట్రిడ్జ్. చేపలు ఎలాగో తట్టుకోగల మోతాదు రాగి కూడా రొయ్యలను, నత్తలను, పగడాలను చంపేస్తుంది. పాత యంత్రాన్నే వాడుకోవాలంటే మెకానిక్‌ను పిలిపించి, ఆర్‌ఓ పొర దాటిన వెంటనే, ఈ మూడింటికీ ముందున్న చోట ఒక టీ జాయింటు పెట్టించి, విడిగా గొట్టం తీసుకోవాలి. టీడీఎస్ కంట్రోలరును పూర్తిగా మూయించాలి. జాయింటు ప్లాస్టిక్‌దై ఉండాలి, ఇత్తడిది వద్దు.

ఆర్‌ఓ పొర సాధారణంగా కరిగిన లవణాల్లో నూటికి 90 నుంచి 98 పాళ్ల వరకు ఆపుతుంది. మా నల్లానీటి 300 దానిగుండా వెళ్లాక 12 అవుతుంది, బోరునీరైతే 60కి పైనే ఉంటుంది. మిగిలినదాన్ని తీసేయడానికి డీఐ రెసిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టుకునే చిన్న గుళికలు) నింపిన గొట్టాన్ని చివర బిగించుకోవాలి. రంగు మారే రెసిన్ కొంటే దాని పని అయిపోయిన సంగతి కంటికే తెలుస్తుంది, అయినా మీటరు 0 చూపుతున్నదా లేదా అన్నదే తుది మాట. యంత్రాన్ని రాత్రంతా ఆపి ఉంచి పొద్దున మళ్లీ నడిపినప్పుడు మొదటి ఒకటి రెండు లీటర్లలో టీడీఎస్ ఎక్కువగా వస్తుంది. వాటిని రెసిన్‌లోకి పోనివ్వకుండా పారబోస్తే అది ఎక్కువ కాలం మన్నుతుంది. బోరునీటినే వాడక తప్పనివారి రెసిన్ త్వరగా అరిగిపోవడానికి మరో కారణం కూడా ఉంది. ఆ నీటిలోని కార్బన్ డయాక్సైడు వాయువు ఆర్‌ఓ పొరకు చిక్కకుండా దాటిపోయి రెసిన్ మీద పడుతుంది. ఆర్‌ఓ నీటిని ఒక డ్రమ్ములో పట్టి, గాలి రాయితో (గాలిని సన్నని బుడగలుగా వదిలే రాయి) కొన్ని గంటలు గాలి ఆడించి, ఆ తర్వాత రెసిన్ గుండా పంపితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా వృథానీరు బయటికి వస్తుంది. నీటి కరువు తెలిసిన ఊళ్లో దాన్ని మోరీలో వదలడానికి మనసొప్పదు, ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు. బోరునీటి నుంచి వచ్చిన వృథానీటిలో ఫ్లోరైడు ఇంకా చిక్కబడి ఉంటుంది కాబట్టి దాన్ని పశువుల తొట్టిలో మాత్రం పోయకూడదు.

యంత్రం కొనే స్తోమత లేనివారు వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చుకోవచ్చు. అయితే ప్రతి క్యాన్‌నూ మీటరుతో చూసుకోవాలి, ఎందుకంటే నిన్నటి క్యాన్‌లో 40 ఉన్న ప్లాంటులోనే ఇవాళ 120 రావడం నేను చూశాను. ఆ నీటిని ఇంట్లో చిన్న డీఐ గొట్టం గుండా పంపితే తొట్టికి పనికొస్తుంది. ఏసీ నుంచి కారే నీరు మీటరులో దాదాపు సున్నాగా కనబడి ఆశ పెడుతుంది గాని, అది రాగి గొట్టాల మీదుగా జారి వచ్చిన నీరు, దాని జోలికి పోకండి.

ఇక ఉప్పు విషయానికి వస్తే, దొడ్డుప్పు కూడా సముద్రం నుంచి వచ్చిందే కదా అన్న సందేహం సహజమే. ఒక కిలో సముద్రపు నీటిలో కరిగి ఉండే 35 గ్రాముల లవణాల్లో సోడియం, క్లోరైడు కలిపి 30 గ్రాములుంటాయి. మిగిలిన 5 గ్రాముల్లోనే సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బనేటు ఇమిడి ఉంటాయి, ప్రాణులకు ఆ అయిదు గ్రాములే కీలకం. ఉప్పుమడిలో నీరు ఎండేటప్పుడు కాల్షియం సమ్మేళనాలు ముందే గడ్డకట్టి విడిపోతాయి, తర్వాత ఉప్పు పేరుకుంటుంది, మెగ్నీషియం నిండిన మిగులు నీటిని చివర బయటికి పంపేస్తారు. కాబట్టి మన వంటింటికి చేరేది సముద్రంలోని ఒక భాగం మాత్రమే. ప్యాకెట్ ఉప్పులో అయోడిన్‌తోపాటు గడ్డకట్టకుండా ఉండేందుకు వేసే మందు కూడా ఉంటుంది. సైంధవ లవణం కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే కనుక దానితోనూ పని జరగదు.

సూర్యలంకకో మచిలీపట్నానికో వెళ్లి నీళ్లే తెచ్చుకోవచ్చు కదా అని మరికొందరు అడుగుతారు. వానాకాలంలోనూ ఆ తర్వాత కొన్ని నెలలూ కృష్ణా, గోదావరి వరదనీరు కలిసి ఆ తీరంలో ఉప్పదనం తగ్గుతుంది, రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరు కూడా ఎక్కడో ఒకచోట సముద్రంలోనే కలుస్తుంది. డీజిలు ఖర్చు, రోగక్రిముల భయం లెక్కవేసుకుంటే ఉప్పు కొనుక్కోవడమే చవక.

ఉప్పును ఇన్‌స్టంట్ ఓషన్, రెడ్ సీ వంటి పేరున్న కంపెనీలది, సీలు తీయనిది కొనాలి. హైదరాబాద్ దుకాణాల్లో కిలో కవర్లలో విడిగా కట్టి అమ్మే ఉప్పు చవకగా దొరుకుతుంది. ఒకసారి నేనూ దానికి ఆశపడ్డాను. ఆ ఉప్పులో కాల్షియం ఎంత వేసినా చాలక, కారణం తెలియక రెండు నెలలు తంటాలు పడ్డాను. పెద్ద సంచిలో బరువైన పలుకులు అడుగుకు దిగుతాయి కాబట్టి, పైనుంచి తీసిన కవరులో ఒక పాళ్లు, అడుగునుంచి తీసిన కవరులో ఇంకో పాళ్లు వస్తాయి. ఇంట్లో కూడా డబ్బాను ప్రతిసారీ బాగా దొర్లించి కదిపి, ఆ తర్వాతే తూచుకోవాలి, వానాకాలంలో మూత బిగుతుగా పెట్టుకోవాలి. చేపలు మాత్రమే ఉన్న తొట్టికి మామూలు రకం చాలు, పగడాల కోసమని ఎక్కువ ధర పెట్టి చేసిన రకం అనవసరం. వారానికి 15 లీటర్లు మార్చే తొట్టికి ఏడాదికి సుమారు 28 కిలోలు పడుతుంది.

కలిపే డ్రమ్ము ఆహారానికి వాడే ప్లాస్టిక్‌దై ఉండాలి, యాసిడ్‌కో రంగులకో వాడినది ఎంత కడిగినా పనికిరాదు. నల్లగొండ ఎండాకాలంలో డాబా మీది ట్యాంకు నీరు చేతికి సోకితే చురుక్కుమంటుంది. అంత వేడినీటిలో ఉప్పు కలిపితే కాల్షియం తెల్లని పొరగా అడుగుకు దిగిపోతుంది కాబట్టి, నీటిని ముందు 25 నుంచి 27 డిగ్రీలకు చల్లారనివ్వాలి. డ్రమ్ములో చిన్న మోటారు తిరుగుతుండగా లీటరుకు 36 గ్రాముల లెక్కన ఉప్పును కొద్దికొద్దిగా నీటిలో చల్లాలి. ఉప్పు మీద నీళ్లు పోయకూడదు, అలా పోస్తే గాఢత ఒక్కచోట పెరిగి అదే తెల్లని పొర వస్తుంది. కొన్ని గంటలు తిరిగి, నీరు నిర్మలంగా అయ్యాక రిఫ్రాక్టోమీటరుతో (ఉప్పదనాన్ని కొలిచే పరికరం) చూస్తే సాంద్రత 1.025, 1.026 మధ్య ఉండాలి. ఆ పరికరాన్ని వట్టి ఆర్‌ఓ నీటితో సరిచూసుకోవడంతో ఆగకుండా, 35 లవణతకు (కిలోకు 35 గ్రాముల లవణాలకు) తయారుచేసి అమ్మే ప్రామాణిక ద్రావణంతో కూడా నెలకొకసారి సరిచూసుకోవాలి. చేపలున్న తొట్టిలోకి పొడి ఉప్పును ఎన్నడూ వేయకూడదు.

ఆవిరైన నీటి స్థానంలో పోయాల్సింది ఉప్పు కలపని డీఐ నీరు. అద్దం మీద నీటిమట్టానికి ఒక గీత గీసుకుని, ఎండాకాలంలో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ గీత వరకు నింపాలి. ఒకేసారి రెండు లీటర్లు కుమ్మరిస్తే ఉప్పదనం ఉన్నట్టుండి మారుతుంది. కరెంటు పోయే రోజులను దృష్టిలో పెట్టుకొని, మూత ఉన్న డ్రమ్ములో కనీసం 40 లీటర్ల డీఐ నీరు ఎప్పుడూ నిల్వ ఉంచుకోండి.